సిరా మరకల డాక్టరు - హెర్మన్ రోర్షాక్



ప్రత్యేక సంచికకు ఎవరైనా ప్రసిద్ధ వ్యక్తి జీవితాన్ని గూర్చి వ్రాసి పంపవలసిందిగా మన కార్యదర్శిగారు కబురు చేశారు. గాంధీగారిని గూర్చి, ప్రకాశం పంతులుగారిని గూర్చి, కాటన్ దొరగారిని గూర్చి వ్రాయగల సమర్థులు మనలో చాలామంది ఉన్నారు. నేను మాత్రం నూరేళ్ళ క్రితం కన్నుమూసిన ఒక స్విట్జర్లాండు డాక్టరును ఎంచుకున్నాను. నేను 1972లో ఉద్యోగంలో చేరి 2008లో రిటైరయ్యేవరకు ముప్పై ఆరేళ్ళు సిరాతో, కాగితంతో బ్రతికినవాణ్ణి. ఆయనకు లోకంలో పేరు తెచ్చిపెట్టినవి కూడా సిరా, కాగితాలే. ఎంచుకోవటానికి మరొక కారణం కూడా ఉన్నది. దానిని చివర మనవి చేస్తాను.

మా మనుమరాలు మనస్తత్వశాస్త్రంలో ఎం.ఏ. చదువుతున్నది. ఒక సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు ఆమె పుస్తకాలలో ఈయన ఫోటో చూశాను. మీసకట్టుతో, చక్కని ముఖంతో సినిమా హీరోలాగా ఉన్నాడు. ఎవరమ్మా ఈయన అని అడిగితే, సిరా మరకలు చూపించి మనుషుల మనస్సును పరీక్షించే పద్ధతి కనిపెట్టినవాడని చెప్పింది. ఆ మరకలు నాకూ చూపించమన్నాను. అవి అందరికీ చూపించకూడదట. ముందుగా చూసినవాడికి, వాటిని గూర్చి విన్నవాడికి పరీక్ష సరిగా పనిచేయదట. పరీక్ష పేపరు ముందే బయటపడినట్లన్నమాట. అందుచేత ఆ పటాలలో ఏమున్నదో నేనూ ఇక్కడ వ్రాయటం లేదు.

హెర్మన్ రోర్షాక్ 1884 నవంబరు 8న జ్యూరిక్ నగరంలో జన్మించాడు. పెరిగింది షాఫ్‌హౌజెన్ అనే ఊరిలో. తండ్రి ఉల్రిచ్ చిత్రలేఖనం నేర్పే బడిపంతులు. తల్లి 1897లో చనిపోయేనాటికి ఈయనకు పన్నెండేళ్ళు. తండ్రి ఆమె చెల్లెలినే వివాహం చేసుకున్నాడు. మన ఇళ్ళలోనూ పిల్లల కోసం ఇటువంటివి జరగటం పాతకాలంవారికి తెలిసిన సంగతే. ఆ తండ్రి కూడా చాలాకాలం జబ్బుపడి 1903లో పోయాడు. పద్దెనిమిదేళ్ళ హెర్మన్‌కు వెనుక ఒక తమ్ముడు, ఒక చెల్లెలు, పినతల్లికి పుట్టిన మరొక చిన్న చెల్లెలు ఉన్నారు.

ఆ రోజులలో యూరప్ పిల్లలకు ఒక సరదా ఆట ఉండేది. కాగితం మీద సిరా చుక్కలు వేసి, మధ్యకు మడతపెట్టి, విప్పి, ఏర్పడిన ఆకారంలో ఏమి కనపడుతున్నదో చెప్పుకోవటం. జస్టినస్ కెర్నర్ అనే జర్మన్ కవి, వైద్యుడు ఇటువంటి మరకలకు పద్యాలు కూడా కట్టాడు. ఆయన పోయిన తరువాత 1890లో అవి పుస్తకంగా వచ్చాయి. మనం చిన్నప్పుడు మబ్బులలో ఏనుగులను, వానకు చెమ్మ పట్టిన గోడల మీద రాక్షసులను చూసిన ఆట వంటిదే ఇదీను. బడిలో తోటి విద్యార్థులు రోర్షాక్‌కు పెట్టిన ముద్దుపేరు క్లెక్స్. అంటే సిరా మరక అని అర్థం. ముందు ముందు ఆ పేరు అంతగా సార్థకమవుతుందని పెట్టినవారికి తెలియదు.

బొమ్మలు చక్కగా వేసే ఈ కుర్రవాడు తండ్రిలాగా చిత్రకళలోకి పోవాలా, శాస్త్రంలోకి పోవాలా అని తేల్చుకోలేక, జర్మనీలోని ప్రసిద్ధ జీవశాస్త్రవేత్త ఎర్నెస్ట్ హెకెల్‌కు ఉత్తరం వ్రాశాడనీ, ఆయన శాస్త్రం వైపు మొగ్గమని సలహా ఇచ్చాడనీ అంటారు. 1904లో వైద్యవిద్యలో చేరి, ప్రధానంగా జ్యూరిక్‌లో చదివాడు. ఆ రోజులలో అక్కడ ఆచార్యుడు ఆయ్‌గెన్ బ్లాయ్లర్. స్కిజోఫ్రీనియా అనే పేరును 1908లో లోకానికి ఇచ్చినవాడు ఆయనే. రోర్షాక్ 1909లో చదువు ముగించి, కాన్‌స్టెన్స్ సరస్సు ఒడ్డున మున్‌స్టర్‌లింగెన్ అనే చోట మానసిక చికిత్సాలయంలో ఉద్యోగంలో చేరాడు. 1910లో ఓల్గా అనే రష్యన్ యువతిని పెళ్ళాడాడు. ఆమె కూడా డాక్టరే. 1912లో బ్లాయ్లర్ పర్యవేక్షణలో సిద్ధాంత వ్యాసం సమర్పించి డాక్టరేటు పొందాడు.

ఆ కాలపు పిచ్చాసుపత్రి అంటే ఎత్తు గోడలు, తాళాలు, మరచిపోబడిన మనుషులు. నాకు ఈయనపై గౌరవం కలిగించినది మొదట ఆయన పరీక్ష కాదు, అక్కడ ఆయన నడుచుకున్న తీరు. రోగులతో నాటకాలు ఆడించేవాడు. వాళ్ళ ఫోటోలు తీసేవాడు. దేశదిమ్మరులైన ఆటగాళ్ళ దగ్గరనుండి ఒక కోతిని తెచ్చి పెట్టుకుని, ఎవరితోనూ పలకని రోగులు దానిని చూసి ఎలా స్పందిస్తారో గమనించేవాడు. తరువాత ఉద్యోగం చేసిన హెరిసావ్‌లో, మన తోలుబొమ్మలలాగా కాళ్ళూ చేతులూ కదిలే బొమ్మలను కత్తిరించి నీడలాట ఆడించాడు. ఆ బొమ్మల కదలికలు ఎంత సహజంగా ఉండేవో చూసినవారు చెప్పుకున్నారు. మనిషి కదలికను అంత శ్రద్ధగా చూసిన కన్ను గనుకనే, మరకలో కదలికను చూసేవారిని గూర్చి తరువాత అంతగా ఆలోచించగలిగాడని నాకు తోస్తుంది.

1911లోనే ఆయన సిరా మరకలతో మొదటి ప్రయత్నం చేశాడు. కొన్రాడ్ గెరింగ్ అనే బడిపంతులు ఆయన స్నేహితుడు. ఇద్దరూ కలిసి బడిపిల్లలకూ, ఆసుపత్రి రోగులకూ మరకలు చూపించి జవాబులు పోల్చి చూశారు. అప్పటికి అది సాగలేదు. 1913 చివర భార్యతో రష్యా వెళ్ళి మాస్కో దగ్గర ఒక ప్రైవేటు చికిత్సాలయంలో కొన్ని నెలలు పనిచేశాడు. 1914లో తిరిగివచ్చి బెర్న్ దగ్గర వాల్డావ్‌లోనూ, 1915 నుండి హెరిసావ్‌లోనూ ఉద్యోగం. హెరిసావ్‌లో వందల కొద్దీ రోగులు, చూసే డాక్టర్లు మాత్రం వేళ్ళమీద లెక్కించదగినవారు. 1917లో కూతురు, 1919లో కొడుకు పుట్టారు. పెద్ద ఆస్తి లేని సంసారం.

1917లో షిమోన్ హెన్స్ అనే విద్యార్థి జ్యూరిక్‌లో సిరా మరకలమీదనే సిద్ధాంత వ్యాసం వ్రాశాడు. అంతకుముందు ఫ్రాన్సులో ఆల్‌ఫ్రెడ్ బినే కూడా మరకలను వాడి చూశాడు. 1905లో పిల్లల తెలివితేటల పరీక్షను తయారుచేసిన బినే ఈయనే. అయితే వీరందరూ మరకలతో కొలవదలచినది మనిషి ఊహాశక్తిని. రోర్షాక్ దృష్టి వేరు. మనిషి ఏమి చూశాడన్నది ఒక్కటే కాదు, ఎలా చూశాడన్నది ముఖ్యమన్నాడు. మరక మొత్తాన్ని కలిపి చూశాడా, ఒక ముక్కను పట్టుకున్నాడా, ఎవరూ పట్టించుకోని చిన్న మూలను చూశాడా? ఆకారాన్ని బట్టి చెప్పాడా, రంగును బట్టి చెప్పాడా, అందులో కదలిక కనపడిందా? చెప్పినది ఆ ఆకారానికి సరిపోతుందా? ఇవన్నీ గుర్తులు వేసి, లెక్కగట్టి, ఒకదానితో ఒకటి సరిచూసుకోవాలి. మన భాషలో చెప్పాలంటే, ఒక్క కాగితం చూసి ఉత్తర్వు వ్రాయకూడదు, ఫైలు మొత్తం తిరగవేయాలి.

మరకలు అంటున్నాం గాని అవి ఒలికిన సిరా చుక్కలు కావు. చిత్రకారుని చేయి గనుక, ఏదో ఒకటి పోలినట్లే ఉండి ఏదీ కాకుండా ఉండేటట్లు ఎన్నోసార్లు వేసి తీర్చిదిద్దినవి. చివరికి పది పటాలు నిలిచాయి. అయిదు నలుపు, రెండు నలుపు ఎరుపు, మూడు రంగురంగులవి. వాటిని ఒక నిర్ణీత వరుసలో చూపి, ఇది ఏమై ఉండవచ్చునని మాత్రం అడిగి, చెప్పినది చెప్పినట్లు వ్రాసుకోవాలి.

ఇలా 405 మందిని పరీక్షించాడు. వారిలో 188 మంది స్కిజోఫ్రీనియా రోగులు, 117 మంది ఏ జబ్బూ లేనివారు, తక్కినవారు ఇతర రోగాలవారు. పటాల అచ్చుకు ఖర్చు ఎక్కువని ప్రచురణకర్తలు ఒకరి తరువాత ఒకరు త్రిప్పిపంపారు. వాల్టర్ మోర్గెన్‌థాలర్ అనే డాక్టరు మిత్రుని సహాయంతో, బెర్న్‌లోని ఎర్నెస్ట్ బిర్చెర్ సంస్థ 1921 జూన్‌లో పుస్తకం వేసింది. పేరు సైకోడయాగ్నోస్టిక్. ప్రతులు అమ్ముడుపోలేదు. పండితులు పెద్దగా పట్టించుకోలేదు. కొద్ది సంవత్సరాలకే ఆ ప్రచురణ సంస్థ దివాలా తీసింది.

1922 మార్చి చివర ఆయనకు కడుపునొప్పి వచ్చింది. మొదట ఎవరూ అంత పెద్దదనుకోలేదు. ఆసుపత్రికి చేర్చేటప్పటికి ఆంత్రపుచ్ఛం పగిలి విషం కడుపంతా పాకింది. ఏప్రిల్ 2న హెరిసావ్‌లో కన్నుమూశాడు. వయస్సు 37 సంవత్సరాలు. కూతురికి నాలుగేళ్ళు, కొడుకుకు మూడేళ్ళు కూడా నిండలేదు. పుస్తకం వెలువడి ఏడాది కూడా కాలేదు. భార్య ఓల్గా 1961 వరకు జీవించి, ఆయన పేరు లోకమంతా మ్రోగటం చూసింది. ఆయన మాత్రం చూడలేదు.

ఆయన పోయిన తరువాత మిత్రుడు ఎమిల్ ఓబర్‌హోల్జర్ వంటివారు పద్ధతిని నిలబెట్టారు. అమెరికాలో శామ్యూల్ బెక్, బ్రూనో క్లోప్‌ఫర్ మొదలైనవారు దానిని వ్యాప్తిచేశారు. రెండవ ప్రపంచయుద్ధం తరువాత న్యూరెంబర్గ్ జైలులోని నాజీ నాయకులకు కూడా ఈ పటాలు చూపించారు. అయితే తలకొక పద్ధతి పెరిగి, ఒకరి లెక్క మరొకరికి పొసగని స్థితి వచ్చింది. జాన్ ఎక్స్‌నర్ అనే అమెరికన్ 1974లో అన్నింటినీ సమన్వయం చేసి ఒకే విధానం తయారుచేశాడు. అయినా విమర్శలు ఆగలేదు. కొలతలు నమ్మదగినవి కావనీ, ఆరోగ్యవంతులను కూడా రోగులుగా చూపిస్తున్నాయనీ, విషయం తేలేవరకు వాడకం ఆపాలనీ 1999లో హోవర్డ్ గార్బ్ అనే శాస్త్రవేత్త కోరాడు. 2013లో జోనీ మిహురా, ఆమె సహచరులు పాత పరిశోధనలన్నీ తిరిగి పరిశీలించి, ఆలోచన గతి తప్పటం వంటి కొన్ని అంశాలకు మంచి ఆధారాలున్నాయనీ, మరి కొన్నింటికి లేవనీ తేల్చారు. ఒక్క మాటలో మంచిది, చెడ్డది అని తేల్చే విషయం కాదన్నమాట.

రోర్షాక్‌కు ఇది ఆశ్చర్యం కలిగించేది కాదని నా నమ్మకం. తన పరీక్ష ఇంకా పూర్తికాలేదనీ, సిద్ధాంతపు పునాది గట్టిపడలేదనీ, మరెంతో మందిని పరీక్షించి చూడాలనీ ఆయనే తన పుస్తకంలో ఒప్పుకున్నాడు. నాలుగు వందల పైచిలుకు మందిని చూసినవాడు ఆ మాట అన్నాడు.

ఇక నేను ముందు చెప్పిన రెండవ కారణం.

నేను ఒక కార్యాలయంలో ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షనులో ఉండగా, కొత్తగా వచ్చిన అధికారి కాన్ఫిడెన్షియల్ రిపోర్టులు వ్రాస్తూ నన్ను పిలిచి, ఒక టైపిస్టు ఎలాంటివాడని అడిగారు. ఆయన పనికి వంక లేదు. కాని మధ్యాహ్నం మేమందరం టీకి వెళితే ఆయన రాడు. అది గుర్తుకు వచ్చి, మనిషి ఎవరితోనూ కలవడండీ అన్నాను. అరనిమిషం కూడా ఆలోచించలేదు. ఆ మాట రిపోర్టులోకి ఎక్కింది. అది వ్యతిరేక రిమార్కు అయితే ఆయనకు తెలియజేసి సంజాయిషీ తీసుకోవలసివచ్చేది. అది అటూ ఇటూ కాని మాట. అందుచేత ఆయనకు తెలియనే తెలియదు. ఆ తరువాత ప్రమోషన్ల ప్యానెలులో ఆయన జూనియరు ముందుకు వెళ్ళాడు. ఈయన రెండేళ్ళు ఆగాడు. ఆ మాట ఒక్కటే కారణమని చెప్పలేను. కారణం కాదనీ చెప్పలేను.

కొన్నాళ్ళకు వారి తల్లిగారు పోయారని తెలిసి పరామర్శకు వెళ్ళాను. ఆమె ఏళ్ళ తరబడి మంచంలో ఉన్నదని, భార్య చంటిపిల్లలతో సతమతమవుతుంటే ఈయన రోజూ మధ్యాహ్నం సైకిలు మీద ఇంటికి పోయి, తల్లికి అన్నం తినిపించి, పక్కబట్టలు మార్చి తిరిగివచ్చేవాడని అక్కడ తెలిసింది. టీకి ఎందుకు రావటంలేదని మేమెవ్వరం ఒక్కసారి కూడా అడగలేదు. ఆ రోజు నేను చేసినది చెబుదామనుకున్నాను. నోరు పెగల్లేదు. తరువాత కూడా చెప్పలేదు. ఆయన 2016లో కాలం చేశారు.

పది పటాలు చూపి, పదుల కొద్దీ జవాబులు వ్రాసుకుని, లెక్కగట్టి, అప్పటికీ ఇది తుది మాట కాదన్నవాడు ఆ డాక్టరు. నేను చూసినది ఒక్క మరక. అందులో నాకు కనపడినదే ఆయన అనుకున్నాను.

మన ఇళ్ళలో కూడా మనస్సుకు జబ్బు చేసినవారు ఉంటారు. నలుగురు ఏమనుకుంటారోనని దాచకండి. వైద్యునికి చూపించండి. ఆయన కూడా ఒక్కరోజులో తేల్చడు, ఓపిక పట్టండి.

ఆ టైపిస్టుగారి భార్య మన సంఘంలో ఫ్యామిలీ పెన్షనరు. ఈ సంచిక ఆమెకు కూడా పోస్టులో వెళుతుంది. పేరు వ్రాయకపోయినా చదివితే ఆమెకు తెలుస్తుంది. అమ్మా, ఆ మాట అన్నది నేనే. మీవారికి చెప్పవలసినది మీకు చెబుతున్నాను, క్షమించండి.

సెలవు.