రహీమ్ సాబ్: బడి నుంచి ఒలింపిక్స్ దాకా ఆట నేర్పిన మాస్టారు



వరి కోతలయ్యాక మా హాస్టల్ వెనక చేలో పిల్లలు రోజూ సాయంత్రం ఫుట్‌బాల్ ఆడతారు. మన్యం నుంచి వచ్చి ఇక్కడ కోనసీమలో చదువుకుంటున్న పిల్లలు వాళ్లు. వరి దుబ్బులు గుచ్చుకుంటున్నా ఉత్త కాళ్లతోనే పరుగెడతారు. వాళ్లలో బాగా ఆడే తొమ్మిదో తరగతి కుర్రాడు పోయిన ఏడాది అమలాపురంలో జరిగిన సెలక్షన్లకు వెళ్లలేదు. కాలు నొప్పి అన్నాడు, నేను నమ్మేశాను. బూట్లు లేవని చెప్పడానికి సిగ్గుపడ్డాడని పది రోజుల తర్వాత తెలిసింది. ఇంకో మాట అడగకపోవడం నా పొరపాటే. అప్పటి నుంచి నాకు తరచుగా గుర్తొచ్చే మనిషి సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారు. మన దేశ ఫుట్‌బాల్‌కు గురువులాంటి ఆయన కూడా మొదట ఒక బడి మాస్టారే.

రహీమ్ గారు 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. అప్పుడది నిజాం పాలనలో ఉన్న సంస్థానం. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుతూ అక్కడి జట్టులో ఆడారు. విశ్వవిద్యాలయం విద్యార్థులు, పూర్వ విద్యార్థులు కలిసి ఏర్పాటు చేసుకున్న ఎలెవెన్ హంటర్స్ జట్టులోనూ ఆడారు. బతుకుతెరువుగా మాత్రం ఉపాధ్యాయ వృత్తిని ఎంచుకున్నారు. కాచిగూడ మిడిల్ స్కూల్, చాదర్‌ఘాట్ హైస్కూల్ వంటి చోట్ల పాఠాలు చెప్పారు. బి.ఏ. పూర్తయ్యాక వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, బడిలో ఆటల బాధ్యత కూడా తీసుకున్నారు. చదువా, ఆటా అని మన ఇళ్లలో ఇప్పటికీ గొడవ పడుతుంటాం. ఆయన రెండింటినీ ఒకే చేత్తో నడిపించారు.

1940ల్లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యాక ఆయన కొత్త రకం పోటీలు పెట్టారు. కుడి కాలి వాటం ఉన్నవాళ్లు ఎడమ కాలితోనే ఆడాలన్నది ఒక పోటీ. బంతిని ఒక్కడే తిప్పుకుంటూ పోకుండా వెంటనే పక్కవాడికి అందించాలన్నది ఇంకొకటి. మొదటిదాంతో బలహీనంగా ఉన్న కాలు బలపడుతుంది. రెండోదాంతో పక్కవాడు ఎక్కడున్నాడో చూసే అలవాటు అవుతుంది. పిల్లలకు రాని పాఠాన్నే ఎక్కువసార్లు చేయించే మాస్టారి పద్ధతి ఇది.

ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది. ఆ రోజుల్లో ఆటగాళ్లకు ఈనాటిలా కోట్ల రూపాయల ఒప్పందాలు ఉండేవి కావు. పోలీసు శాఖలోనో, రైల్వేలోనో, సైన్యంలోనో దొరికే ఉద్యోగమే ఆటతో వచ్చే బతుకు. పేదింటి కుర్రాళ్లకు అదే పెద్ద ఆసరా.

1950లో ఆయన భారత జట్టు శిక్షకుడయ్యారు. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో ఫైనల్లో ఇరాన్‌పై 1-0తో గెలిచి మన జట్టు బంగారు పతకం సాధించింది. మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయింది. ఆ చలిలో మనవాళ్లు చాలామంది బూట్లు లేకుండానే ఆడారు. ఆ ఓటమి తర్వాతే బూట్లు తప్పనిసరి చేశారు. రహీమ్ గారు ఆ ఓటమితో కుంగిపోలేదు. కొత్త కుర్రాళ్లను వెతకడం మొదలుపెట్టారు.

అలా ఆయన కంటపడినవాడే సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరామ్. పేద కుటుంబం. పోలీసులు వాడి పారేసిన బూట్ల తోలుతో కుట్టించుకున్న బూట్లే అతనికి మొదటి బూట్లు. రోజూ హైదరాబాద్ వచ్చి సాధన చేయడానికి డబ్బుల్లేవని తెలిసి, రహీమ్ గారే సైకిల్ అద్దెకు డబ్బులిచ్చారు. ఆ కుర్రాడు 1956లో హైదరాబాద్ తరఫున సంతోష్ ట్రోఫీ ఆడాడు. అదే ఏడాది, ఇరవై ఏళ్ల వయసులో, మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లాడు. అక్కడ మన జట్టు ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో అంతవరకు వెళ్లిన తొలి ఆసియా దేశం మనదే. చివరికి నాలుగో స్థానం దక్కింది. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో బలరామ్ హంగేరీ మీద, పెరూ మీద గోల్స్ చేశాడు. అద్దె సైకిల్‌తో మొదలైన ప్రయాణం అది.

1962లో జకార్తా ఆసియా క్రీడల నాటికి రహీమ్ గారు క్యాన్సర్‌తో బాధపడుతున్నారు. మొదటి మ్యాచ్‌లో మన జట్టు దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడింది. తర్వాత థాయిలాండ్‌ను, జపాన్‌ను, సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంను ఓడించి ఫైనల్ చేరింది. ఎదురుగా మళ్లీ దక్షిణ కొరియానే. స్టేడియం నిండా జనం మనకు వ్యతిరేకంగా అరుస్తున్నారు. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు కుట్లున్నాయి. రహీమ్ గారు అతన్ని ముందుకు పంపి గోల్ కొట్టే స్థానంలో ఆడించారు. సెప్టెంబర్ 4న జరిగిన ఆ ఫైనల్లో పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ సింగ్ ఒకటి గోల్స్ చేశారు. 2-1తో మన జట్టు బంగారు పతకం గెలిచింది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ బంగారం రాలేదు.

తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న రహీమ్ గారు కన్నుమూశారు. అప్పటికి ఆయనకు 53 ఏళ్లు. చాలా ఏళ్లపాటు ఆయన పేరు మరుగున పడిపోయింది. 2024లో మైదాన్ అనే హిందీ సినిమా వచ్చాక కొత్త తరం ఆయన గురించి మాట్లాడుకుంటోంది.

మన గూడేల్లో పరుగెత్తే కాళ్లకు కొదవ లేదు. నీకేం కావాలి అని అడిగేవాళ్లే తక్కువ. మీలో ఉద్యోగాల్లో స్థిరపడినవాళ్లు సెలవులకు ఊరెళ్లినప్పుడు ఆడే పిల్లల దగ్గర ఒక గంట కూర్చోండి. ఒక జత బూట్లో, బస్సు ఛార్జీలో ఇవ్వగలిగితే ఇవ్వండి. ఇంకా చదువుకుంటున్నవాళ్లు మాత్రం లేనిదాన్ని లేదని చెప్పడానికి సిగ్గుపడకండి. ఒలింపిక్స్ ఆడిన బలరామ్‌కు కూడా ఒకప్పుడు దారి ఖర్చులకు డబ్బుల్లేవు.

మా కుర్రాడు ఇప్పుడు పదో తరగతి. ఈసారి సెలక్షన్ల తేదీ తెలియగానే ముందు అతని కాళ్ల కొలత తీసుకున్నాను.