ధ్వనిశుద్ధికి దారి చూపిన హెరాల్డ్ బ్లాక్

ఇంట్లో గజల్ గాని, కీర్తన గాని వినడానికి ఆంప్లిఫయర్ కొనబోయేవారు మొదట వాట్లెన్ని అని అడుగుతారు. గాయకుని గళం, తంబురా శ్రుతి మార్పులేక మన చెవికి చేరుతున్నవా అనే ప్రశ్న ఆ తరువాతనే. ఈ రెండవ ప్రశ్నకు మూలమైన సమస్యతో ఏళ్ల తరబడి పెనుగులాడిన అమెరికా ఇంజనీరు హెరాల్డ్ స్టీఫెన్ బ్లాక్ జీవితాన్ని విద్యార్థి మిత్రులకు మనవి చేస్తున్నాము.

బ్లాక్ 1898లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని లెమిన్‌స్టర్‌లో జన్మించారు. 1921లో వుస్టర్ పాలిటెక్నిక్ నుండి పట్టభద్రులై వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థలో చేరారు. వారి ఇంజనీరింగ్ విభాగమే 1925లో బెల్ ప్రయోగశాలలుగా రూపొందింది. ఆయనకు అప్పగించిన పని సంగీతానికి సంబంధించినది కాదు. దూరప్రాంత టెలిఫోను తీగల వెంబడి అనేక ఆంప్లిఫయర్లను వరుసగా నిలపాలి. ఒక్కొక్కటీ చేసే స్వల్ప వికృతి పోగై చివరకు మాటలే కలగాపులగమయ్యేవి. దోషరహితమైన వాల్వు కోసం అందరూ ప్రయత్నిస్తూండగా, 1923లో స్టైన్‌మెట్జ్ ఉపన్యాసం విన్న బ్లాక్ సమస్యనే తిరగవేశారు. వాల్వు దోషాన్ని సహించి, వెలువడిన ధ్వనిలోని వికృతిని మాత్రమే తొలగిస్తే చాలునని భావించారు. మొదట చేసిన అమరిక పనిచేసింది గాని, దానిని గంట గంటకూ సరిదిద్దుతూ ఉండాలి!

1927 ఆగస్టు 2వ తేదీ ఉదయం, ఉద్యోగానికి పోతూ హడ్సన్ నదిని పడవలో దాటుతుండగా మార్గం స్ఫురించింది. చేతనున్న న్యూయార్క్ టైమ్స్ పత్రిక పుటపైనే సమీకరణాలు వ్రాసి, కార్యాలయంలో ఒక సహోద్యోగి చేత సాక్షి సంతకం చేయించారు. వెలువడిన సంకేతంలో కొంతభాగాన్ని వ్యతిరేక దశలో మొదటికి మళ్లిస్తే వికృతి తనను తానే అణచుకొంటుంది. ఇదే నెగటివ్ ఫీడ్‌బ్యాక్. దీనికి మూల్యం వర్ధనశక్తి. లక్ష రెట్లు పెంచగల యంత్రాన్ని వెయ్యి రెట్లకు దించితే, వికృతి కూడా సుమారు నూరవ వంతుకు దిగుతుంది. కష్టపడి సాధించిన శక్తిని పారవేయడమేమిటని నిపుణులు నమ్మలేదు. 1928లో చేసిన పేటెంటు దరఖాస్తు 1937 డిసెంబరులో గాని మంజూరు కాలేదు.

ఈ సూత్రం గృహసంగీతానికీ అక్కరకు వచ్చింది. 1947లో ఇంగ్లండులో విలియమ్సన్ ప్రకటించిన వాల్వు ఆంప్లిఫయర్ 15 వాట్ల వద్ద వికృతిని 0.1 శాతానికి లోబరచింది. ఆపై తయారీదారులు సున్నాల పోటీలో పడ్డారు. ఫీడ్‌బ్యాక్ తగుపాళ్లలో లేకపోతే ఆకస్మికంగా లేచే తబలా దెబ్బ వంటి నాదం వద్ద ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్ తడబడగలదని ఫిన్లండు ఇంజనీరు ఒటాలా 1970లో చూపారు. స్థిరమైన ఒకే స్వరంతో కొలిచిన అంకెలో ఈ లోపం కనిపించదు. కావున కొనేవారు వికృతి శాతం ఏ శక్తి వద్ద కొలిచారో కూడా చూడాలి. గదిలో మనం మామూలుగా వినేది ఒకటి రెండు వాట్లలోనే గదా! రెండు యంత్రాలను పోల్చేటప్పుడు శబ్దస్థాయి సమానంగా ఉండాలి. లేకుంటే బిగ్గరగా పలికేదే మేలైనదిగా తోస్తుంది. దుకాణాలలో ఈ మాత్రం ఓపిక అరుదు.

బ్లాక్ 1963లో బెల్ సంస్థ నుండి విరమించారు. 1981లో అమెరికా జాతీయ ఆవిష్కర్తల గౌరవశ్రేణిలో ఆయన పేరు చేరింది. 1983 డిసెంబరులో, 85వ ఏట న్యూజెర్సీలో కన్నుమూశారు.