గలీలియో ఫెరారిస్

గలీలియో ఫెరారిస్ (1847 అక్టోబరు 31 - 1897 ఫిబ్రవరి 7) ఇటలీకి చెందిన భౌతిక శాస్త్రవేత్త, విద్యుత్ ఇంజనీరు. నేడు కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల పొలాలలో నీరు తోడే త్రీఫేజ్ మోటార్లకు మూలమైన భ్రమణ అయస్కాంత క్షేత్రాన్ని ఈయన 1885లో టూరిన్ నగరంలో ప్రయోగపూర్వకంగా చూపించాడు. పరస్పరం లంబంగా అమర్చిన రెండు తీగచుట్టలలో దశాభేదం గల ఏకాంతర విద్యుత్తును పంపగా, నడుమనున్న రాగి స్తూపం తనంత తానే తిరిగింది.

అయితే 1888 మార్చిలో టూరిన్ విజ్ఞాన అకాడమీకి సమర్పించిన పత్రంలో, ఇది మోటారుగా వాణిజ్యానికి పనికిరాదని తేల్చాడు. క్షేత్రవేగం కంటే రోటరు వెనుకబడే శాతాన్ని స్లిప్ అంటారు. స్లిప్ ఎంత పెరిగితే తిప్పే బలం, అనగా టార్క్, అంత పెరుగుతుందని ఆయన లెక్క. ఆ ప్రకారం స్లిప్ 50 శాతం వద్ద గరిష్ఠ యాంత్రిక శక్తి లభిస్తుంది. కాని రోటరుకు అందిన శక్తిలో సగం వేడిగా పోతుంది. గణితం సరైనదే, నిర్ణయమే తొందరపాటు. రోటరు నిరోధాన్ని తగ్గిస్తే స్వల్ప స్లిప్ వద్దనే కావలసిన టార్క్ వస్తుంది. 1889లో డొలివో-డొబ్రొవోల్‌స్కీ పంజరపు రోటరుతో దీనిని సాధించాడు. నిమిషానికి 1500 చుట్ల క్షేత్రంలో 1440 చుట్లు తిరిగే మోటారుకు స్లిప్ 4 శాతమే.

1888లోనే నికోలా టెస్లా అమెరికాలో ఇటువంటి మోటార్లకు పేటెంట్లు పొందాడు. ఫెరారిస్ మాత్రం పేటెంటు తీసుకోలేదు. ఆయన జన్మించిన ఊరు తరువాత ఆయన పేరిట లివోర్నో ఫెరారిస్ అయింది.