మొసియే రేమండ్

మిషెల్ జోయాకిం మారీ రేమండ్ (సెప్టెంబర్ 20, 1755 - మార్చి 25, 1798) హైదరాబాదు రాజ్యంలో రెండవ నిజాం అయిన నిజాం అలీఖాన్ వద్ద పనిచేసిన ఫ్రెంచి సేనాధిపతి. హైదరాబాదులో మొసియే రేమండ్ అన్న పేరుతో ప్రసిద్ధుడు. ఆబిడ్స్ పక్కనే ఉన్న గన్‌ఫౌండ్రీకి ఆ పేరు రావడానికి కారణమైన ఫిరంగుల కర్మాగారం ఇతడు నెలకొల్పినదే. కొన్ని వందల తుపాకులతో మొదలైన ఇతని దళం పదేళ్ళకు పైచిలుకు కాలంలో రాజ్య భవిష్యత్తునే నిర్ణయించగల శక్తిగా ఎదిగింది. ఇతడు మరణించిన ఏడు నెలలకే ఆ దళాన్ని నిరాయుధం చేశారు. హైదరాబాదు రాజ్యం బ్రిటిష్ వారి అధీనంలోకి వెళ్ళడానికి ఆ ఘటన నాంది అయింది.

తొలి జీవితం

రేమండ్ దక్షిణ ఫ్రాన్సులోని సెరిన్యాక్ గ్రామంలో ఒక వర్తక కుటుంబంలో జన్మించాడు. 1775లో వ్యాపారం నిమిత్తం పుదుచ్చేరికి వచ్చాడు. కొంతకాలానికే వ్యాపారం విడిచి సైనిక వృత్తిలో ప్రవేశించాడు. మైసూరులో హైదర్ అలీ పక్షాన ఉన్న ఫ్రెంచి దళంలో పనిచేసి, తరువాత ఫ్రెంచి సేనాని బుస్సీ వద్ద చేరాడు. 1785 జనవరిలో బుస్సీ పుదుచ్చేరిలో మరణించిన తరువాత నిజాం కొలువులో చేరాడు.

నిజాం కొలువులో

రేమండ్ మొదట కూర్చుకున్న దళంలో 300 మంది సైనికులు ఉండేవారు. వారికి సొంత తుపాకులు లేవు. రేమండ్ ఒక ఫ్రెంచి వర్తకుని వద్ద ఒక్కొక్క తుపాకిని నెలకు ఎనిమిది అణాల చొప్పున అద్దెకు తెచ్చాడు. ఆ కాలపు పద్ధతి ప్రకారం సైనికులను చేర్చుకోవడం, ఆయుధాలు సమకూర్చడం, శిక్షణ ఇవ్వడం, జీతాలు పంచడం అన్నీ దళాధిపతి బాధ్యతలే. ఖర్చుల కోసం ప్రభువు కొన్ని ప్రాంతాల ఆదాయాన్ని అతనికి కేటాయించేవాడు. అందువలన సిపాయి ప్రభువుకంటే తనకు జీతమిచ్చే అధికారికే ఎక్కువ విధేయుడై ఉండేవాడు. రేమండ్ బలానికి మూలం ఇదే. రాజ్యానికి పొంచి ఉన్న ప్రమాదం కూడా ఇందులోనే ఉంది.

అద్దె తుపాకులపై ఆధారపడకుండా ఉండడానికి రేమండ్ స్థానికంగానే ఆయుధాల తయారీని ప్రారంభించాడు. 1786 ప్రాంతంలో ఫతే మైదాన్ సమీపంలో ఫిరంగులు, ఫిరంగి గుండ్లు పోతపోసే కర్మాగారాన్ని నిర్మించాడు. ప్రజలు దానిని తోప్ కా సాంచా అని పిలిచేవారు. తోప్ అనగా ఫిరంగి, సాంచా అనగా మూస. ఇతని దళం క్రమంగా 14,000 మంది వరకు పెరిగింది. ఫ్రెంచి విప్లవం తరువాత ఈ దళం మూడు రంగుల ఫ్రెంచి జెండాను ఎగురవేయసాగింది.

ఖర్డా యుద్ధం, అలీజా తిరుగుబాటు

1795 మార్చిలో మరాఠాలతో ఖర్డా వద్ద జరిగిన యుద్ధంలో రేమండ్ దళాలు గట్టిగా పోరాడినా, నిజాం వెనుదిరిగి ఖర్డా కోటలో తలదాచుకోవడంతో ఓటమి తప్పలేదు. నిజాం వద్ద ఉన్న ఆంగ్ల దళాలు ఈ యుద్ధంలో పాల్గొనలేదు. దానితో నిజాంకు ఆంగ్లేయులపై నమ్మకం సడలింది, రేమండ్ ప్రాబల్యం పెరిగింది. అదే సంవత్సరం నిజాం కుమారుడు అలీజా తండ్రిపై తిరుగుబాటు చేయగా, రేమండ్ అతనిని ఓడించి బంధించాడు. అలీజా హైదరాబాదు చేరకముందే విషం తాగి మరణించాడు.

మరణం

రేమండ్ 1798 మార్చి 25న హైదరాబాదులో మరణించాడు. విషప్రయోగం జరిగిందని కొందరు అనుమానించినా అది రుజువు కాలేదు. మూసారాంబాగ్ ప్రాంతంలోని ఒక గుట్టపై ఇతని సమాధి, నల్లరాతి స్తంభం ఉన్నాయి. ఇతనిని హిందువులు మూసా రాం అనీ, ముస్లిములు మూసా రహీం అనీ పిలుచుకునేవారని ప్రతీతి. మూసారాంబాగ్ అన్న పేరు ఇతని పేరునుండే వచ్చింది.

దళం నిరాయుధీకరణ

రేమండ్ తరువాత పిరాన్ అనే అధికారి దళాధిపతి అయ్యాడు. రేమండ్‌కు ఉన్న పలుకుబడి ఇతనికి లేదు. 1798లో గవర్నర్ జనరల్‌గా వచ్చిన వెల్లెస్లీ, ఈ దళం టిప్పు సుల్తానుతో చేయి కలుపుతుందని భావించాడు. 1798 సెప్టెంబర్ 1న నిజాంతో సైన్య సహకార ఒప్పందం కుదిరింది. దీని ప్రకారం నిజాం ఫ్రెంచి అధికారులను తొలగించి, ఆంగ్ల సైన్యం ఖర్చు కోసం సంవత్సరానికి 24,17,100 రూపాయలు చెల్లించాలి.

నిజాం ఉత్తర్వు వెలువడడంలో జాప్యం జరిగింది. చివరకు వెలువడిన తరువాత, జీతాల బకాయిలపై ఆందోళన చెందిన సిపాయిలు తమ అధికారులనే నిర్బంధించారు. అక్టోబర్ 22న ఆంగ్ల సేనలు శిబిరాన్ని చుట్టుముట్టాయి. రెసిడెంట్ జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్, అతని సహాయకుడు జాన్ మాల్కం బకాయిలు చెల్లిస్తామని హామీ ఇవ్వడంతో సిపాయిలు ఆయుధాలు అప్పగించారు. అంత పెద్ద దళం రక్తపాతం లేకుండా కొద్ది గంటలలో రద్దయింది. మరుసటి సంవత్సరం టిప్పు సుల్తాన్‌పై జరిగిన యుద్ధంలో నిజాం సేనలు ఆంగ్లేయుల పక్షాన నిలిచాయి.

ప్రాముఖ్యత

ఆయుధాలు ఎవరి చేతిలో ఉండాలన్న ప్రశ్న ఆ దశాబ్దంలో ఇతర దేశాలలోనూ చర్చకు వచ్చింది. 1791లో అమెరికా తన రాజ్యాంగానికి చేసిన రెండవ సవరణ ప్రజలకు ఆయుధాలు కలిగి ఉండే హక్కును గుర్తించింది. ఆ సవరణ అర్థంపై అక్కడ నేటికీ వాదోపవాదాలు జరుగుతున్నాయి. హైదరాబాదులో ఈ ప్రశ్నకు సమాధానాన్ని ప్రజలు కాక, ప్రభువులు ఒప్పందం ద్వారా నిర్ణయించారు. నిజాం ఒక విదేశీ అధికారి చేతిలోని ఆయుధాలను తొలగించాడు, కాని వాటి స్థానంలో మరొక విదేశీ శక్తి ఆయుధాలను ఆశ్రయించాడు. తరువాతి కాలంలో బ్రిటిష్ ఇండియాలో 1878 నాటి ఆయుధ చట్టం, స్వతంత్ర భారతంలో 1959 నాటి ఆయుధ చట్టం తుపాకి కలిగి ఉండడానికి లైసెన్సును తప్పనిసరి చేశాయి.

నేడు గన్‌ఫౌండ్రీలో పాత కర్మాగారపు శిథిలాలు భవనాల మధ్య మిగిలి ఉన్నాయి. ఇక్కడికి సమీపంలోనే నాంపల్లిలో శాసనసభ ఎదుట గన్‌పార్క్ ఉంది. అందులోని స్థూపం 1969 తెలంగాణ ఉద్యమంలో పోలీసు కాల్పులలో మరణించిన వారి స్మారకం. నగరంలో ఒకదానికొకటి దగ్గరగా ఉన్న ఈ రెండు చోట్లలో మొదటిది ఆయుధాలు తయారైన స్థలం, రెండవది వాటికి బలైన వారిని తలచుకునే స్థలం.