ఉర్దూలో సాపేక్షత చెప్పిన హైదరాబాదీ: డాక్టర్ రజీయుద్దీన్ సిద్దీఖీ

కల్వకుర్తి నుండి ఆమనగల్లు మీదుగా హైదరాబాదు పోయే బస్సు కుదుపు లేక ఒకే వేగంతో సాగుతున్నదనుకొందాం. మన చేతినుండి జారిన నాణెం తిన్నగా పాదాల చెంతనే పడుతుంది. బాట ప్రక్కన నిలిచినవానికి అదే నాణెం వంపు తిరిగి ముందుకు పడినట్లు తోస్తుంది. ఇద్దరూ చూచినది నిజమే. నాణేన్ని నడిపించిన నియమం మాత్రం ఒక్కటే. దీనికి, కాంతివేగం చూచేవారందరికీ సమానమనే సూత్రాన్ని జోడించి 1905లో ఐన్‌స్టీన్, కాలం సైతం అందరికీ ఒకే రీతిగా నడవదని తేల్చాడు.

ఈ విషయాన్ని ఉర్దూలో గ్రంథస్థం చేసిన గణితవేత్త డాక్టర్ మహమ్మద్ రజీయుద్దీన్ సిద్దీఖీ గారు. వారు హైదరాబాదులో జన్మించి, ఉన్నతవిద్యను ఉర్దూలో బోధించడానికై 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, 1925లో పట్టభద్రులైనారు. గణితపదాలకు ఉర్దూ పర్యాయాలు అనువాదశాలలో అప్పుడప్పుడే రూపొందుతున్న రోజులవి. ఆ భాషలో చదివిన యువకుడే కేంబ్రిడ్జిలో నిలదొక్కుకొని, జర్మనీలోని లైప్‌జిగ్‌లో డాక్టరేట్ పొంది, ఐన్‌స్టీన్ వద్ద కూడ అభ్యసించి, 1931లో మాతృసంస్థకే ఆచార్యుడై తిరిగివచ్చాడు.

ఉస్మానియా వెలసిన 1918లోనే ఎమ్మీ నోదర్ అనే జర్మన్ విదుషి మరొక రహస్యాన్ని వెల్లడించింది. ప్రకృతి నియమాలు నిన్నటికీ నేటికీ మారవు గనుకనే శక్తి నిత్యమై నిలుస్తుంది. ఇక్కడికీ అక్కడికీ మారవు గనుకనే ద్రవ్యవేగం నిలుస్తుంది. ఇట్టి సౌష్ఠవమే నేటి భౌతికశాస్త్రానికి వెన్నెముక.

మరి స్థలం మారినా మారని నియమం, భాష మారితే మారుతుందా? ఉర్దూ, తెలుగు మాధ్యమాలనుండి వచ్చే మన విద్యార్థులలో కొందరు, ఈ శాస్త్రం ఇంగ్లీషువారి సొత్తని తలచి మొదటినాడే వెనుకంజ వేస్తారు. వారు సిద్దీఖీ గారి జీవితాన్ని తెలిసికొనవలెనని మా కోరిక. అయితే ఒక మాట దాచరాదు. ఆనాటి ఉర్దూ కూడ కల్వకుర్తి రైతుబిడ్డకు ఇంటిభాష కాదు. తెలుగుకు ఆ భాగ్యం ఆనాడు దక్కలేదు.

1948 తరువాత ఉస్మానియాలో ఉర్దూ స్థానాన్ని ఇంగ్లీషు ఆక్రమించింది. సిద్దీఖీ గారు పాకిస్తాన్ వెళ్ళి, పెషావరు, సింధు విశ్వవిద్యాలయాలకు, పిదప ఇస్లామాబాదులో నూతనంగా నెలకొన్న విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేసి, 1998లో కన్నుమూశారు. కవి ఇక్బాల్ దేశకాల భావనపై కూడ వారొక రచన చేశారు.

వారి సాపేక్షతా గ్రంథం పేరు 'నజరియ-ఎ-ఇజాఫియత్'. నడుమనున్న ఆ 'ఎ' కారాన్నే ఉర్దూ వ్యాకరణం ఇజాఫత్ అంటుంది. మన షష్ఠీవిభక్తివలె అది ఒక పదాన్ని మరొక పదంతో ముడివేస్తుంది. సాపేక్షతకు ఉర్దూవారు పెట్టుకొన్న ఇజాఫియత్ అనే పేరు ఆ మాటనుండి పుట్టినదే. ఈ చమత్కారం మా ఉర్దూ విభాగం మిత్రులు చెప్పేవరకు మాకు తట్టనేలేదు.