ప్రార్థించి లేచిన కాటన్ దొర



విజ్జేశ్వరం దగ్గర గోదావరిని విడిచి బయలుదేరిన నీరు కాలువల గుండా మన తణుకు పొలాలకు చేరుతుంది. తొలకరికి కాలువలు వదిలిన రోజు గట్టున నిలబడితే మాకు కాటన్ దొర గుర్తుకు వస్తారు. మే 15న మన ఊళ్లలో ఆయన విగ్రహాలకు దండలు వేస్తారు. ఆనకట్ట సంగతి పిల్లలకూ తెలుసు. కానీ ఆయన విశ్వాసాన్ని గురించి సంఘాల్లో మనం మాట్లాడుకునేది తక్కువ. ఈ వారం దాన్ని ధ్యానించుకుందాం.

ఆర్థర్ కాటన్ 1803లో ఇంగ్లండులో పుట్టారు. 1821లో కంపెనీ సైన్యపు ఇంజనీరుగా మద్రాసు వచ్చారు. ఆయన ప్రార్థనాపరుడైన క్రైస్తవుడు. కుమార్తె లేడీ హోప్ 1900లో ప్రచురించిన జీవిత చరిత్రలో తండ్రి భక్తిని కూడా వివరించారు. మొదట తంజావూరు ప్రాంతంలో పనిచేసి, 1836లో కొల్లిడం మీద ఆనకట్ట కట్టారు. ఇసుక నదిలో కట్టడం నిలుస్తుందని కావేరి మీది పాత కల్లణై ఆయనకు నేర్పింది. పేరు తెలియని ఆ పూర్వికుల దగ్గర పాఠం నేర్చుకోవడానికి ఆయన సిగ్గుపడలేదు.

ఆ రోజుల్లో మన జిల్లాల స్థితి తలచుకుంటే గుండె బరువెక్కుతుంది. 1833లో డొక్కల కరువు. 1839లో కోరంగిని ముంచిన ఉప్పెన. 1821లో ఏడు లక్షలు దాటిన గోదావరి ప్రాంతపు జనాభా 1841 నాటికి అయిదున్నర లక్షల దరికి పడిపోయింది. జనం ఆకలితో చస్తుంటే, నిండు గోదావరి వారి కళ్ల ముందే సముద్రంలో కలిసిపోయేది.

నెహెమ్యాను జ్ఞాపకం చేసుకోండి. యెరూషలేము గోడలు కూలాయని విని ఆయన ఏడ్చాడు, ఉపవాసముండి ప్రార్థించాడు. తరువాత రాజు ఎదుట నిలబడి సెలవు అడిగాడు, తాకీదులు అడిగాడు, మ్రానులు అడిగాడు. ప్రార్థన ఆయన నోరు తెరిచింది. కాటన్ జీవితంలోనూ మాకు ఇదే కనబడుతుంది. 1844లో ఆయన ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టాలని నివేదిక రాశారు. కొలతలు వేశారు, ఖర్చు లెక్క చెప్పారు. ప్రభుత్వం ఎంతసేపూ శిస్తు చూసుకునేది. అందుకే లాభం లెక్క కూడా చూపించారు. 1846లో అనుమతి వచ్చింది, 1847లో పని మొదలైంది.

లంకలు కలుపుకొంటే అక్కడ నది వెడల్పు సుమారు నాలుగు మైళ్లు. అడిగినంతమంది ఇంజనీర్లను ప్రభుత్వం ఇవ్వలేదు. 1848లో ఆరోగ్యం చెడి కాటన్ ఆస్ట్రేలియా వెళ్లవలసి వచ్చింది. కెప్టెన్ ఓర్ పని అందుకున్నారు. 1850లో కాటన్ తిరిగి వచ్చారు. 1852లో ఆనకట్ట పూర్తయింది. వీణెం వీరన్న గారి వంటి తెలుగువారు, వేలమంది కూలీలు ఎండలో నిలబడకపోతే ఆ కట్టడం లేదు. దేవుడు ఒక్కరికి భారం ఇస్తాడు గానీ పని మాత్రం అనేకుల చేతులతో చేయిస్తాడు.

ఉద్యోగం ముగిసినా ఆయన భారం దిగలేదు. 1876 నుండి 1878 వరకు దక్షిణాదిన మళ్లీ ఘోరమైన కరువు వచ్చింది. రైలు మార్గాలకంటే ముందు కాలువలకు ఖర్చు పెట్టాలని ఆయన వాదించారు. 1878లో, డెబ్బై అయిదేళ్ల వయసులో, బ్రిటిష్ పార్లమెంటు సంఘం ఎదుట కూర్చొని కఠినమైన ప్రశ్నలకు జవాబు చెప్పారు. పెద్దలకు నచ్చకపోయినా మాట మార్చుకోలేదు. 1899లో ప్రభువునందు నిద్రించారు.

ఆయనను దేవునిగా కొలవవద్దు. ఆయన కూడా మనవంటి మనిషే. అయితే మా మనస్సాక్షిని ఆయన జీవితం పొడుస్తుంది. ఉపవాస కూడికలో పింఛను ఆగిపోయిన విధవరాలి కోసం మేము వారాల తరబడి ప్రార్థించిన సందర్భాలున్నాయి. ఆమె కాగితాల్లో ఏది తక్కువైందో అడగాలని చాలా ఆలస్యంగా తోచింది. ఆమెతో పాటు ఆఫీసు మెట్లు ఎక్కడానికి మాకు జంకు. ఆ జంకునే కదా ప్రార్థనలో ప్రభువు దగ్గర దింపుకోవలసింది!

ప్రియులారా, శివారు పొలానికి నీరు చేరాలంటే పైన ఎవరో ఒకరు తలుపు ఎత్తాలి. మీ వీధిలో ఎవరి పొలం ఎండుతోందో ఈ ఆదివారం ప్రభువును అడగండి. ఆయన ఒక పేరు జ్ఞాపకం చేస్తే, సోమవారం ఆ ఇంటికి వెళ్లండి. వెళ్లడానికి కావలసిన ధైర్యం ప్రభువు మనకందరికీ దయచేయును గాక. ఆమేన్.