పానగల్ రాజా: బిరుదుల సభలో ఒక జమీందారు

మన హాస్టల్‌లో చేరేటప్పుడు దరఖాస్తుతో పాటు కుల ధ్రువీకరణ పత్రం ఇస్తాం. నేను ఐదో తరగతిలో చేరిన రోజు ఆ కాగితం ఎందుకో నాకు తెలియదు. మా నాయన వేలిముద్ర వేశాడు, నాకు పెట్టె, ప్లేటు, దుప్పటి వచ్చాయి, అంతే. డిగ్రీ చదివేటప్పుడు మళ్లీ ఆ పత్రం కోసం మీసేవకు వెళ్లి, వరుసలో నిలబడి, గోడ మీద అంటించిన ఎస్సీ కులాల జాబితా మొదటిసారి శ్రద్ధగా చదివాను. అందులో మొదటి పేరు ఆది ఆంధ్ర, రెండోది ఆది ద్రావిడ. 2025లో మన రాష్ట్రంలో ఆ 59 కులాలను మూడు గ్రూపులు చేశాక వరుస మారింది గానీ పేర్లు అవే ఉన్నాయి. తరిగొప్పులలో ఆ పేరుతో ఒకరినొకరు పిలుచుకునే వాళ్లను నేను చూడలేదు. మరి ఈ పేర్లు ఎవరు పెట్టారు, ప్రభుత్వం కాగితంలోకి ఎట్లా ఎక్కాయి అని పీజీలో చేరాక లైబ్రరీలో వెతికాను. వెతకగా వెతకగా ఒక జమీందారు దగ్గర తేలాను. ఆయన జీవితమే ఈ వ్యాసం.

ఆయన పేరు పానగంటి రామరాయణింగారు. లోకం మాత్రం పానగల్ రాజా అనే బిరుదుతోనే గుర్తుపెట్టుకుంది. పానగల్ అనగానే మనకు నల్లగొండ పక్కన ఛాయా సోమేశ్వరాలయం ఉన్న ఊరు గుర్తుకొస్తుంది. కానీ ఈయన పుట్టింది కాళహస్తిలో, 1866 జూలై 9న, వెలమ జమీందారీ కుటుంబంలో. చదువు మద్రాసులో. ట్రిప్లికేన్ హైస్కూలు, తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీ. బి.ఏ.లో సంస్కృతం, తర్వాత న్యాయశాస్త్రం, ఎం.ఏ.లో తత్వశాస్త్రం, ద్రావిడ భాషలు. ఎం.ఏ. పూర్తయ్యేసరికి ఆయనకు 33 ఏళ్లు. సప్లిమెంటరీ రాసే తమ్ముళ్లు ఈ వాక్యం రెండుసార్లు చదువుకోవచ్చు.

ఆయన చట్టసభలోకి వచ్చిన దారి తెలుసుకోవాలంటే ముందు ఒక సంగతి చెప్పాలి. ఇంగ్లీషువాళ్ల దేశంలో అప్పట్లో బిరుదు అంటే పేరు ముందు అలంకారం మాత్రమే కాదు, చట్టం చేసే సభలో కుర్చీ. పక్కనున్న స్కాట్లాండులో అయితే ప్రభువుల బిరుదుల్లో అన్నిటికన్నా చిన్నదాని పేరే లార్డ్ ఆఫ్ పార్లమెంట్. ఆ దేశపు పాత పార్లమెంటులో ప్రభువులు, మతాధికారులు, పట్టణాల ప్రతినిధులు ఒకే గదిలో కూర్చుని చట్టాలు చేసేవాళ్లు. 1707లో ఇంగ్లండుతో కలిసిపోయాక స్కాట్లాండు ప్రభువులు తమలో 16 మందిని ఎన్నుకుని లండన్‌లోని ప్రభువుల సభకు పంపేవాళ్లు. 1963లో మిగతావాళ్లకూ ఆ హక్కు వచ్చింది. తండ్రి నుంచి బిరుదు వచ్చింది కాబట్టి చట్టసభలో కూర్చుంటాననే వాళ్లలో చాలామందిని 1999 చట్టం ఇంటికి పంపింది.

ఆ అలవాటునే మన దేశానికీ తెచ్చారు. 1909 సంస్కరణల్లో భూస్వాములకు ప్రత్యేకంగా సీట్లు పెట్టారు. దక్షిణాది జమీందారుల తరఫున 1912లో రామరాయణింగారు ఢిల్లీలోని ఇంపీరియల్ శాసనసభకు వెళ్లారు, 1915 దాకా ఉన్నారు. భూమి ఉంది కాబట్టి సీటు వచ్చింది. ఇందులో దాచేదేమీ లేదు.

అదే కాలంలో మన వైపు సంగతి వేరు. మనం నిజాం రాజ్యంలో ఉన్నాం. హైదరాబాదులో 1893 నుంచి ఒక శాసన మండలి ఉండేది గానీ సామాన్యుడు ఓటు వేసి పంపింది కాదు. జనగామ తాలూకాలో జనానికి తెలిసిన చట్టం గడీలో ఉండే దొర మాట. విసునూరు దేశ్‌ముఖ్ సంగతి, పాలకుర్తి ఐలమ్మ పోరాటం మీకు నేను చెప్పాల్సిన పని లేదు. దేశ్‌ముఖ్ కూడా బిరుదే, పానగల్ రాజా కూడా బిరుదే. ఒకటి సభలోకి వెళ్లింది, రెండోదానికి సభే అక్కర్లేకపోయింది.

జమీందారుల్లో చాలామంది సీటు సంపాదించి ఊరుకున్నారు. రామరాయణింగారు ఊరుకోలేదు. మద్రాసు రాష్ట్రంలో అప్పటికి చదువూ ఉద్యోగమూ ఎక్కువగా బ్రాహ్మణుల చేతిలో ఉండేవి. బ్రాహ్మణేతరులకు వాటా కావాలని 1916లో పిట్టి త్యాగరాయ చెట్టి, టి.ఎం. నాయర్ ఒక సంఘం పెట్టారు. దాన్నే జస్టిస్ పార్టీ అన్నారు. రామరాయణింగారు మొదటి నుంచి అందులో ఉన్నారు. 1919లో కొత్త సంస్కరణల చట్టం తయారవుతున్నప్పుడు పార్టీ తరఫున లండన్ వెళ్లి పార్లమెంటు కమిటీ ముందు వాదించిన వాళ్లలో ఆయనా ఒకరు.

ఆ చట్టం ప్రకారం 1920లో మద్రాసు శాసనసభకు ఎన్నికలు జరిగాయి. ఆ సభ లెక్క చూస్తే కాలం అర్థమవుతుంది. ఎన్నికయ్యే సీట్లు 98. అందులో భూస్వాములకు ప్రత్యేకంగా 6. మాల, మాదిగ, పరయ, పల్ల, హొలెయ వంటి కులాలన్నిటికీ కలిపి 5, అవి కూడా ఎన్నిక ద్వారా కాదు, గవర్నరు నామినేట్ చేసేవి. ఆస్తి, పన్ను ఉన్నవాళ్లకే ఓటు. మా తాత ఆ రాష్ట్రంలో పుట్టి ఉన్నా ఓటు వచ్చేది కాదు.

జస్టిస్ పార్టీ గెలిచింది. సుబ్బరాయలు రెడ్డియార్ మొదటి ముఖ్యమంత్రి, రామరాయణింగారు స్థానిక స్వపరిపాలన మంత్రి. రెడ్డియార్ అనారోగ్యంతో తప్పుకోగా 1921 జూలై 11న పానగల్ రాజా ముఖ్యమంత్రి అయ్యారు. 1926 డిసెంబర్ 3 దాకా ఆయనదే ప్రభుత్వం. పేరుకే ముఖ్యమంత్రి అనుకోండి. పోలీసు, భూమిశిస్తు గవర్నరు చేతిలోనే ఉండేవి. విద్య, వైద్యం, స్థానిక సంస్థలు మంత్రులవి.

ఆ ఉన్నదానితోనే ఆయన చేసిన పనులు చాలా ఉన్నాయి. 1921, 1922ల్లో ప్రభుత్వ ఉద్యోగాల్లో అన్ని వర్గాలకూ వాటా ఉండాలని ఉత్తర్వులు వచ్చాయి. వాటినే కమ్యూనల్ జీవో అంటారు. అమలు నత్తనడకే. 1927లో, ఆయన దిగిపోయాక, ప్రతి 12 ఉద్యోగాల్లో 5 బ్రాహ్మణేతరులకు, బ్రాహ్మణులకు 2, ముస్లింలకు 2, ఆంగ్లో ఇండియన్లు క్రైస్తవులకు కలిపి 2, అణగారిన కులాలకు 1 అని లెక్క కట్టారు. ఈ జీవో పద్ధతినే 1951లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ వెంటనే రాజ్యాంగానికి మొదటి సవరణ చేసి 15(4) చేర్చారు. నా పీజీ సీటుకు ఆధారం అదే. మద్రాసు జీవోకూ తరిగొప్పుల పిల్లవాడికీ సంబంధం ఏమిటని మా క్లాసులో ఒకరు అడిగితే నేను ఈ దారి చెప్పాను.

ఆయన అన్నిటికన్నా ఎక్కువ దెబ్బలు తిన్నది గుళ్ల చట్టం మీద. దేవాలయాలకు, మఠాలకు వేల ఎకరాలు ఉండేవి, లెక్క అడిగేవాళ్లు లేరు. 1922 చివర ఆయన హిందూ మత ధర్మాదాయాల బిల్లు పెట్టారు. గుళ్ల ఆస్తులు చూడడానికి ఒక బోర్డు, దాని కింద కమిటీలు, ఏటా ఆడిట్. ప్రభుత్వం ధర్మంలో చేయి పెడుతోందని మఠాధిపతులు గగ్గోలు పెట్టారు. సభ 1923లోనే ఆమోదించినా 1925లో గానీ చట్టం కాలేదు, అది కోర్టుకెక్కితే 1927లో మళ్లీ కొత్తగా చేయాల్సి వచ్చింది. సంస్కృతం చదివి, భక్తుడైన జమీందారు ఈ పని చేయడం విశేషం. మన దేవాదాయ శాఖ చట్టాలకు మూలం అక్కడుంది. అదే ఆయన మద్రాసులో దేశీయ వైద్యం నేర్పే కళాశాల కూడా పెట్టించారు. వైద్య కళాశాలలో చేరడానికి సంస్కృతం రావాలనే నియమాన్ని తీసేయించింది కూడా ఆయనేనని చెబుతారు.

1923 ఎన్నికల్లో బలం తగ్గింది. ఆ నవంబరులో కట్టమంచి రామలింగారెడ్డి ఆయన మీద అవిశ్వాస తీర్మానం పెట్టారు. మన దేశంలో చట్టసభలో అటువంటి తీర్మానం అదే మొదటిది. 44 ఓట్లకు 65తో వీగిపోయింది. మూడేళ్లకు ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడితే మొదటి వైస్ ఛాన్సలర్ ఆ రామలింగారెడ్డే. ఆ విశ్వవిద్యాలయం చట్టం చేసింది పానగల్ ప్రభుత్వమే. ఇది చదివినప్పుడు నాకు నవ్వు వచ్చింది, ఇద్దరి మీదా గౌరవం కూడా కలిగింది.

ఇక ఆ రెండు పేర్ల కథ. ఇక్కడ రాజాగారిని కాసేపు పక్కన కూర్చోబెట్టాలి. 1917 నవంబరులో బెజవాడలో పంచముల సభ జరిగితే అధ్యక్షత వహించింది మన హైదరాబాదు మనిషి భాగ్యరెడ్డి వర్మ. ఐదోవాళ్లం అని ఎందుకు అనిపించుకోవాలి, ఈ నేలకు మొదటివాళ్లం మనం అని వాదించి ఆ సభ పేరునే ఆది ఆంధ్ర మహాజన సభగా మార్చారు. మద్రాసు శాసనసభలో నామినేటెడ్ సభ్యుడు ఎం.సి. రాజా 1922లో పంచమ, పరయ అనే మాటలు ప్రభుత్వ రికార్డుల్లో తీసేసి ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ అని రాయాలని తీర్మానం పెట్టారు. ఈ రాజా బిరుదు కాదు, ఆయన పేరే అది. సభ ఒప్పుకుంది, ఆ మార్చిలోనే ఉత్తర్వు వచ్చింది. 1924లో ఆర్. వీరియన్ అనే మరో నామినేటెడ్ సభ్యుడు బావులు, రోడ్లు అందరివీ అని తీర్మానం పెట్టి నెగ్గించారు. అంటే ప్రభుత్వం రాజాగారిది, అడిగింది మనవాళ్లు. నోరు తెరిచింది ఆ 5 కుర్చీల్లోంచి.

ఇంకో విషయం దాచి రాస్తే ఈ వ్యాసం అబద్ధం అవుతుంది. 1921లో మద్రాసు బకింగ్‌హామ్ కర్నాటిక్ మిల్లుల సమ్మెలో సవర్ణ కార్మికులకూ ఆది ద్రావిడ కార్మికులకూ గొడవలయ్యాయి, ఇళ్లు తగలబడ్డాయి. అప్పుడు జస్టిస్ పార్టీ నాయకులు కొందరు ఆది ద్రావిడులనే తప్పుబట్టారు. పార్టీ బ్రాహ్మణేతర సవర్ణుల కోసమే పనిచేస్తోందని ఎం.సి. రాజా 1923లో బయటికి వెళ్లిపోయారు. పానగల్ రాజా ఆయన్ను ఆపలేకపోయారు. జమీందారీల జోలికి కూడా ఆయన వెళ్లలేదు. తను కూర్చున్న కొమ్మ అది. అంత పెద్ద చదువు చదివిన మనిషి వాటా అనే మాట తన దాకా వచ్చిన చోట పట్టుకుని, తన కిందికి వెళ్లేసరికి చేయి సడలించాడని నాకు అనిపిస్తుంది. మా ప్రొఫెసర్ గారు ఒప్పుకోలేదు. 1921లో నిలబడి చూడమన్నారు. నిలబడి చూశాను, సగం ఒప్పుకున్నాను.

1926లో ఆయనకు సర్ బిరుదు వచ్చింది, అదే ఏడాది చివర అధికారం పోయింది. పార్టీ అధ్యక్షుడిగా కొనసాగుతూ 1928 డిసెంబర్ 16న మద్రాసులో జ్వరంతో చనిపోయారు. 62 ఏళ్లు. తర్వాత పార్టీ బొబ్బిలి రాజా చేతికి వచ్చింది. 1937లో ఆ బొబ్బిలి రాజాను బొబ్బిలిలోనే వి.వి. గిరి ఓడించారు. 1948లో మద్రాసులో జమీందారీలు, 1949లో మన దగ్గర జాగీర్లు రద్దయ్యాయి. 1950లో రాజ్యాంగం 18వ అధికరణం బిరుదులనే తీసేసింది.

పోయినేడు రైల్వే పరీక్షకు చెన్నై వెళ్లినప్పుడు సాయంత్రం త్యాగరాయ నగర్‌లో పానగల్ పార్కు చూడ్డానికి వెళ్లాను. చుట్టూ పట్టుచీరల దుకాణాలు, జనం. టీ అమ్మే ఆయన్ను పానగల్ ఎవరని వచ్చీరాని తమిళంలో అడిగాను. ఆయన చేయి చాపి బస్ స్టాప్ చూపించాడు. నాకు రైలుకు వేళయింది.